ఎవరిదీ కాని బియ్యం

చెప్పే నోరూ వినే చెవీ ఉన్నన్నాళ్లు ఉండే కథ ఇది. ఎప్పుడు జరిగిందని అడగకండి. మా తాతల తాతలకు మీసాలు రాకముందు జరిగింది. ఎక్కడ జరిగిందంటే మాత్రం చెబుతాను. రెల్లుపేటలో జరిగింది.

రెల్లుపేటకు రెండు వీధులు. ఎగువ వీధి వాళ్లు మెట్ట చేలల్లో పనిచేసేవాళ్లు. అక్కడ ఎర్ర బియ్యం పండేది. దిగువ వీధి వాళ్లు కాలవ కింద పల్లపు పొలాల్లో పనిచేసేవాళ్లు. అక్కడ తెల్ల బియ్యం పండేది. రెండు వీధులకూ నడుమ ఒక్కటే ప్రార్థన మందిరం. మట్టి గోడలు, తాటాకు కప్పు, ఒకే గుమ్మం. గుమ్మం బయట ఒక పెద్ద రోలు. మందిరం లోపల మూలన మనిషెత్తు మట్టి బాన.

ఆ బాన సంగతి ముందు చెప్పాలి. పేటలో ఏ ఇంట్లో ఎసరు పెట్టినా, బియ్యం కడగబోయే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేది. అది దేవుడి పిడికెడు. కరువు రోజుల్లో గుప్పిట కాస్త బిగించేదేమో గానీ తియ్యడం మానేది కాదు. వారానికోసారి ఆ పిడికెళ్లన్నీ బానలో చేరేవి. దిక్కులేని వాళ్లకు ఆ బియ్యమే. మంచాన పడ్డ వాళ్లకు ఆ బియ్యమే. ఏడాదికోసారి పేటంతా కూర్చుని తినే ప్రేమ విందుకూ ఆ బియ్యమే.

ఇంటింటికీ తిరిగి ఆ పిడికెళ్లు పోగుచేసేది సువార్తమ్మ.

సువార్తమ్మంటే ఎవరో గొప్ప మనిషి అనుకునేరు. కాదు. దిగువ వీధిలో పుట్టింది, ఎగువ వీధికి కోడలయింది. పెళ్లయిన మూడేళ్లకు మొగుడు పోయాడు. పిల్లల్లేరు. చంకలో బుట్ట, కాళ్లకు చెప్పుల్లేవు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఒకటే మాట అనేది.

"అమ్మా, దేవుడి పిడికెడు."

లోపలి నుంచి చెయ్యి వచ్చేది. పిడికెడు పడేది. ఎర్ర పిడికెడు మీద తెల్ల పిడికెడు, తెల్ల పిడికెడు మీద ఎర్ర పిడికెడు. బుట్ట నిండేసరికి ఏది ఎవరిదో ఆ దేవుడికీ తెలిసేది కాదు, ఆయన అడిగిందీ లేదు.

ఆమెకు ఒక లోపం ఉంది. పాట రాదు. ఆమె గొంతెత్తిందంటే పక్కవాళ్ల పాట కూడా దారి తప్పేది. అందుకని పాడేది కాదు, వినేది. మందిరంలో ఎగువ వీధి వాళ్లు కుడి పక్కనా, దిగువ వీధి వాళ్లు ఎడమ పక్కనా కూర్చునేవాళ్లు. ఎవరూ చెప్పి కూర్చోబెట్టలేదు, అలా అలవాటయింది. సువార్తమ్మ సరిగ్గా నడిమధ్యన కూర్చునేది. ఎగువ పాట కుడి చెవిలో పడేది, దిగువ పాట ఎడమ చెవిలో పడేది. రెండూ ఆమె లోపల ఎక్కడో కలిసేవి.

"నీ వాకిట నిలిచాము నాయనా, తలుపు తీయవా" అని ఒక పాట ఉండేది. ఆమె పెళ్లికూతురై గుమ్మం దాటిన రోజు రెండు వీధుల వాళ్లూ లేచి నిలబడి ఆ పాటే పాడారు. తర్వాత ఎప్పుడు ఆ పాట అందుకున్నా ఆమెకు పక్కన మొగుడు నిలబడి ఉన్నట్టే ఉండేది. పాట అయిపోయేదాకా ఆమె ఒంటరిది కాదు. వారమంతా ఆ కాసేపటి కోసమే బతికేది.

ఇంత చక్కగా ఉంటే మనుషులు ఊరుకుంటారా? ఊరుకోరు.

ఒక ఆదివారం దిగువ వీధి వాళ్లు పాటకు డప్పు పట్టుకొచ్చారు. ఉషారు పుట్టి దరువు వేశారు. ఎగువ వీధి పెద్ద యోబు లేచాడు. తెల్ల గడ్డం, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద కోపం.

"ఇది మందిరమా, జాతరా?"

దిగువ వీధి పెద్ద జక్కరయ్య కూడా లేచాడు. పొట్టి మనిషి, పట్టుదల మాత్రం పొడుగు. "దేవుడికి చప్పుడు పడదని నీతో చెప్పాడా మావా?"

యోబు డప్పు లాక్కుని గుమ్మంలోంచి విసిరేశాడు. అది రోలుకు తగిలి చర్మం చిరిగింది. అంతటితో ఆగినా బాగుండేది. యోబు ఇంకో మాట అన్నాడు. ప్రభువు బల్ల ఆరాధనలో అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగేవాళ్లు, ఆ గిన్నె సంగతి ఎత్తాడు.

"మీరు నోరు పెట్టిన గిన్నెలో మేం తాగడమే ఎక్కువరా."

ఆ మాట ఆ రోజు పుట్టింది కాదు. చాలా ఏళ్లుగా చాలా కడుపుల్లో ఉన్నదే. సమయం చూసుకుని బయటికొచ్చింది.

మొదట గిన్నె రెండయింది. తర్వాత గుమ్మం రెండయింది, దిగువ వాళ్లు ఎడమ గోడ పగలగొట్టి వాళ్ల దారి వాళ్లు పెట్టుకున్నారు. ఇక మిగిలింది మధ్య గోడ. ఒకళ్లు పాడుతుంటే ఇంకొకళ్లు దగ్గేవాళ్లు. ఒకళ్లు ప్రార్థిస్తుంటే ఇంకొకళ్లు పాట అందుకునేవాళ్లు. సువార్తమ్మ రెండు చెవుల్లో రెండు పాటలు ఒకదాన్నొకటి తన్నుకునేవి. ఆమె చెవులు మూసుకునేది కాదు. మూసుకుంటే ఇక ఎప్పటికీ వినపడదేమోనని భయం.

గోడ లేపాల్సిన చోట నేల మీద ముగ్గుతో గీత గీశారు. ఆ గీత సరిగ్గా ఆమె కూర్చునే చోటు మీదుగా పోయింది.

"ఎటు పక్క కూర్చుంటావో తేల్చుకో కోడలా," అన్నాడు యోబు.

"ఎటు పక్కో తేల్చుకో చెల్లెమ్మా," అన్నాడు జక్కరయ్య.

ఆమె ఏం చెబుతుంది? పుట్టిల్లు ఇటు, మెట్టినిల్లు అటు. మళ్లీ ఆదివారం వచ్చి ఆ గీత మీదే కూర్చుంది.

మూడు నెలలకోసారి ఒక పాస్టరు అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల సంస్కారం, అంటే రొట్టే ద్రాక్షరసం, ఇచ్చి పోయేవాడు. మెత్తని మనిషి. గట్టిగా చెప్పే ధైర్యం లేదు. పెద్దలిద్దరినీ కూర్చోబెట్టి, "ముందు ఉమ్మడివి పంచుకోండి. పంచుకోవడం అయ్యాకే గోడ లేపండి," అన్నాడు. పంచుకునే లోపు కోపం చల్లారుతుందని ఆయన ఆశ.

చల్లారలేదు. దీపం ఎగువ వాళ్లు తీసుకున్నారు. గంట దిగువ వాళ్లు తీసుకున్నారు. పెద్ద చాపను కత్తి పెట్టి చెరి సగం కోసుకున్నారు. ఇక బాన మిగిలింది.

"కొలిచి చెరి సగం పోద్దాం," అన్నాడు జక్కరయ్య.

"సగాలు లేవు," అన్నాడు యోబు. "ఎర్రది మాది, తెల్లది మీది. మీది మాకొద్దు, మాది మీకివ్వం. గింజ గింజా ఏరాల్సిందే."

"ఏరాల్సిందే. ఒక్క ఎర్ర గింజ కూడా మాకొద్దు," అన్నాడు జక్కరయ్య.

పంతం పట్టినవాడికి పని కనపడదు. మనిషెత్తు బాన, గింజ గింజా ఏరమన్నారు. ఏరేది వాళ్లు కాదు కదా. చేట తెచ్చి సువార్తమ్మ ముందు పెట్టారు.

"బాన అడుగు కనపడ్డ రోజే గోడకు ఇటుక పడేది," అన్నారు ఇద్దరూ. పాపం, అన్నాళ్లకు ఆ ఒక్క విషయంలోనే ఇద్దరి మాటా కలిసింది.

సువార్తమ్మ మందిరంలో గీత మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఎర్ర గింజ ఒక బుట్టలోకి, తెల్ల గింజ ఒక బుట్టలోకి. పొద్దు పొడిస్తే మొదలు, పొద్దు వాలితే ఆపు. రోజూ కుడి గుమ్మంలోంచి యోబు తొంగిచూసేవాడు.

"అయిందా కోడలా?"

ఎడమ గుమ్మంలోంచి జక్కరయ్య తొంగిచూసేవాడు.

"అయిందా చెల్లెమ్మా?"

"ఇంకా ఉంది," అనేది ఆమె.

ఆమె కావాలని ఆలస్యం చేసిందని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. ఆమెకు దొంగ పని చేతకాదు. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టే చేసింది. ఒక్కో గింజ బుట్టలో పడుతుంటే గోడకు ఒక్కో ఇటుక పేరుస్తున్నది తన చెయ్యేనని ఆమెకు తెలుసు. తెలిసి చెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్లనే అడగాలి.

అలా కొన్నాళ్లు ఏరాక, ఒక రోజు ఆమె వేళ్ల మధ్య ఒక గింజ ఆగింది. అది ఎర్రగా లేదు, తెల్లగా లేదు. తెల్లటి ఒంటి మీద సన్నని ఎర్ర చార. ఇంకొకటి దొరికింది. తర్వాత ఇంకొకటి దొరికింది. వెతికితే చేటలో సగం అవే.

ఎందుకలా అంటారా? ఎర్ర బియ్యం ఎరుపంతా పై తవుడులోనే ఉంటుంది. ఎంత దంచితే అంత తెల్లబడుతుంది. మంచి రోజుల్లో రెండు వీధుల ఆడవాళ్లూ మందిరం ముందున్న ఆ ఒక్క రోట్లోనే దంచుకునేవాళ్లు. కబుర్లలో పడితే రోకలి ఎన్ని పోట్లు పడిందో ఎవరికి తెలుసు? ఎంత కబురుంటే అంత తెలుపు.

సువార్తమ్మ ఒక గింజ అరచేతిలో పెట్టుకుని యోబు దగ్గరికి పోయింది.

"మావా, ఇదెవరిది?"

యోబు ఎండకు పెట్టి చూశాడు. "మాది ఎర్రన. ఇది మాది కాదు."

జక్కరయ్య దగ్గరికి పోయింది. "అన్నా, ఇదెవరిది?"

"మాది తెల్లన. దీనికి చారుంది. మాది కాదు."

ఆమె వెనక్కొచ్చి మూడో బుట్ట పెట్టింది. కొన్నాళ్లకు దోసెడు గింజలతో పోయి అడిగింది. ఇద్దరూ కాదన్నారు. ఇంకొన్నాళ్లకు బుట్టెడు మోసుకుపోయి అడిగింది. మూడోసారీ ఇద్దరూ కాదన్నారు. యోబు కాదన్న క్షణానే ఎవరి కోడో కూసింది. యోబు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. ప్రభువును ఆయన శిష్యుడే మూడుసార్లు ఎరగనన్నాక కోడి కూసిన వాక్యం బాగా తెలిసిన మనిషి కదా.

"అయితే దీన్నేం చెయ్యమంటావు మావా?"

"ఎవరిదీ కానిది ఏమైతే ఎవడిక్కావాలి? నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో పో."

ఆ మాట ఆమె పట్టుకుంది.

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. కాలవ గట్టు తెగింది. మెట్ట మీద పని లేదు, పల్లంలో పని లేదు. వెనకాలే జ్వరం వచ్చింది. జ్వరానికి ఎగువా తెలియదు, దిగువా తెలియదు. సువార్తమ్మ రోలు పక్కన మూడు రాళ్లు పెట్టి, ఎవరిదీ కాని బియ్యంతో గంజి కాచడం మొదలుపెట్టింది.

మొదట ఏ వీధికీ చెందని వాళ్లు వచ్చారు. ఊరి బయట డేరా వేసుకున్న బుట్టలల్లే మొగుడూ పెళ్లాలు. తర్వాత ఎగువ వీధి ముసలమ్మ ఒకతి వచ్చింది. తర్వాత దిగువ వీధి బాలింత వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లూ ముంత చాపి, అనుమానంగా ఆగేవాళ్లు.

"ఇదెవరి బియ్యం?"

"ఎవరియ్యీ కాదు. తాగు."

అలా ఒకే వరసలో నిలబడ్డారు. ఒకే గరిటెతో పోయించుకున్నారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు గానీ, ముంతలు తక్కువయ్యేసరికి ఒకళ్లు తాగిన ముంతలోనే ఇంకొకళ్లు తాగారు. గిన్నె దగ్గర పుట్టిన గొడవ ముంత దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు.

యోబుకు జ్వరం తగిలింది. పెద్ద గొంతు పీలగా అయిపోయింది. సువార్తమ్మ గంజి తీసుకుని పోయింది.

"ఎవరియ్యే ఈ బియ్యం?"

"నువ్వు కాదన్నయ్యే మావా."

యోబు కళ్లు మూసుకుని తాగాడు.

జక్కరయ్య భార్యకూ జ్వరం తగిలింది. ఆయన ముంత పట్టుకుని వరసలో చివర నిలబడ్డాడు. తల ఎత్తలేదు.

"నువ్వు కాదన్నయ్యే అన్నా," అంటూ పోసింది.

యోబు కోలుకుని లేచి కూర్చున్న రోజున, "ఏం కావాలే నీకు?" అని అడిగాడు. పెద్దరికం కదా, రుణం ఉంచుకోకూడదనుకున్నాడు.

సువార్తమ్మ గంజి ముంత కింద పెట్టింది. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఇంటింటా అడిగిందంతా దేవుడి కోసమే.

"ఆ పాట ఒక్కసారి వినాలనుంది మావా. రెండు పక్కలా పాడుతుంటే, నేను మజ్జెన కూర్చోని. ఒక్కసారి చాలు."

యోబు కళ్లు దించుకున్నాడు. "చూద్దాంలే," అన్నాడు.

అదే మాట జక్కరయ్యతోనూ అంది. ఆయనా, "చూద్దాంలే చెల్లెమ్మా," అన్నాడు.

ఇద్దరికీ మనసు మెత్తబడింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ ముందు ఎవరు గుమ్మం దాటాలి? ముందు పోయినవాడు ఓడినట్టు. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకున్నారు. పెద్దవాళ్లకు ఎప్పుడూ ఇంకో ఆదివారం ఉంటుంది.

సువార్తమ్మ ప్రతి ఆదివారం ఒళ్లు కడుక్కుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని, గీత మీద కూర్చుని ఎదురుచూసేది. ఒక ఆదివారం పోయింది. రెండో ఆదివారం పోయింది. మూడో ఆదివారం ఆమె ఒళ్లు కాలిపోతూ ఉంది. అయినా వచ్చి కూర్చుంది. రెండు పక్కలా రెండు పాటలు మొదలయ్యాయి. ఆమె కాసేపు విని, లేచి బయటికి పోయింది.

మర్నాడు పొద్దున యోబు కుడి గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"అయిందా కోడలా?"

జవాబు లేదు. ఎడమ గుమ్మంలోంచి జక్కరయ్య తొంగిచూశాడు.

"అయిందా చెల్లెమ్మా?"

జవాబు లేదు. రాత్రి ఎప్పుడు తిరిగొచ్చిందో, సువార్తమ్మ బానకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్లో చేట ఉంది. చేటలో ఒక్క పిడికెడు మిగిలింది. బాన అడుగు కనపడుతూ ఉంది.

ఇద్దరూ ఒకేసారి లోపలికి వచ్చారు. ఎవరు ముందు గుమ్మం దాటారో ఎవరూ చూడలేదు, తర్వాత ఎవరూ అడగలేదు.

ఆడవాళ్లు వచ్చి ఆమెను కడిగారు. పడుకోబెట్టాలంటే చాప చాలలేదు. ఎగువ వాళ్లు వాళ్ల సగం తెచ్చారు, దిగువ వాళ్లు వాళ్ల సగం తెచ్చారు. రెండు సగాలూ పక్కపక్కన పరిచి, గీత మీద, ఆమె ఎప్పుడూ కూర్చునే చోటే పడుకోబెట్టారు.

మాటంటే మాట కదా. ఏరడం అయిపోతే గోడ లేవాలి. ఇంకా ఒక్క పిడికెడు ఉంది. యోబు ఆమెకు ఒక పక్క కూర్చున్నాడు, జక్కరయ్య ఇంకో పక్క కూర్చున్నాడు. చేట ఇద్దరి మధ్యా పెట్టుకుని ఏరడం మొదలుపెట్టారు. అన్నాళ్లు ఆమె చేసిన పని ఎలాంటిదో అప్పుడు తెలిసింది. నాలుగు గింజలు ఏరేసరికి నడుం లాగింది. పది గింజలకు యోబు కళ్లకు నీళ్లు కమ్మాయి.

"ఇది చూడరా జక్కరయ్యా. నాకు ఆనడంలా. ఎర్రనా, తెల్లనా?"

జక్కరయ్య ఆ గింజను ఎండకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాకూ తెలవడంలా మావా."

గొడవ జరిగాక ఆయన నోట మావా అన్న పిలుపు రావడం అదే మొదలు. యోబు చేతిలోని గింజలు చేటలో పడేశాడు.

"మాది కాదన్నాన్రా. బిడ్డ మూడుసార్లు వచ్చి అడిగితే మూడుసార్లూ కాదన్నా," అని గడ్డం తడిసేలా ఏడ్చాడు.

జక్కరయ్య ఆ పిడికెడు తీసి బానలో పోశాడు. ఆపైన ఎర్ర బుట్ట ఎత్తి పోశాడు. యోబు తెల్ల బుట్ట ఎత్తి పోశాడు. ఎవరిదీ కానిది ఆడవాళ్లు పోశారు.

ఇక సాగనంపాలి. పాట లేకుండా సాగనంపకూడదు. యోబు లేచి నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. రెండోసారి ప్రయత్నించాడు. రాలేదు. అప్పుడు జక్కరయ్య వైపు తిరిగి అన్నాడు.

"ఆ డప్పు తీసుకురారా."

"చిరిగింది గదా మావా."

"చిరిగిందే తీసుకురా."

చిరిగిన డప్పు మీద దరువు బొంగురుగా పడింది. యోబు దానికి తగ్గట్టు కాలు నేలకు తట్టాడు. అప్పుడు గొంతు వచ్చింది. నీ వాకిట నిలిచాము నాయనా, తలుపు తీయవా. కుడి పక్క నుంచి పాట లేచింది, ఎడమ పక్క నుంచి పాట లేచింది. రెండూ సువార్తమ్మ మీద కలిశాయి. బయట బుట్టలల్లే మొగుడూ పెళ్లాలు కూడా పాడారు, వాళ్లకు ఆ పాట మాటలు తెలియకపోయినా.

అంత పాట రెల్లుపేటలో అంతకు ముందు ఎవరూ పాడలేదంటారు. సువార్తమ్మ వినలేదు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికి వచ్చేసరికి నాకు మింగుడు పడదు. ఒక్క ఆదివారం ముందు పాడి ఉంటే ఏం పోయేది?

గోడ లేవలేదు. గోడకని తెచ్చిన ఇటుకలతో రోలు పక్కన పొయ్యి కట్టారు. గిన్నె ఒకటే అయింది. ఆ ఏడు సంస్కారానికి రొట్టె బాన బియ్యం పిండితోనే చేశారు, కాస్త ఎర్రగా వచ్చింది. బుట్టలల్లే వాళ్లకూ లోపల చోటిచ్చారు. డప్పుకు కొత్త చర్మం వేయించింది యోబే. పగలగొట్టిన రెండో గుమ్మం మాత్రం పూడ్చలేదు. గాలి బాగా వస్తోంది, ఉండనీ అన్నారు.

ఇప్పటికీ రెల్లుపేటలో ఇద్దరు తగువు పడి పెద్దల దగ్గరికి వస్తే, పెద్దలు ఎవరి మాటా వినరు. ఎర్ర బియ్యం, తెల్ల బియ్యం కలిపిన చేట ఒకటి ఇద్దరి ముందూ పెట్టి, "ముందిది ఏరండి," అంటారు. చాలామంది సగం ఏరకుండానే ఇంటికి పోతారు. చారల గింజ దొరికితే పిల్లలు దాచుకుంటారు, సువార్తమ్మ గింజ అని.

ఆదివారం మందిరంలో నడిమధ్యన ఒక మనిషికి సరిపడా చోటు వదులుతారు. ఎంత జనం వచ్చినా అక్కడ కూర్చోరు. రెండు పక్కలా పాట అందుకుంటారు, డప్పు కలుస్తుంది. మొదటి చరణం అయ్యాక అందరూ ఒక్కసారి ఆగుతారు. వచ్చినవాళ్లలో అందరికంటే పెద్ద ముసలమ్మ ఆ ఖాళీ చోటు వైపు తిరిగి అడుగుతుంది.

"వినపడుతోందా సువార్తమ్మా?"

జవాబు రాదని అందరికీ తెలుసు. అయినా ఆగుతారు. కాసేపు ఎదురుచూసి, ఈసారి ఇంకాస్త గొంతెత్తి, రెండో చరణం అందుకుంటారు.